షేర్లతో వచ్చిన తలుపు

రోజూ పొద్దున్నే కళ్ళజోళ్ళ షాపు షట్టరు పైకెత్తగానే తమ్ముడు చేసే మొదటి పని గల్లాపెట్టె పక్కన ఫోను నిలబెట్టి షేర్ల ధరలు చూడటం. ఆ తర్వాతే చీపురు. ఊడ్చే మధ్యలో కూడా వచ్చి మళ్ళీ చూసి పోయేవాడు. ఎవరైనా చూపు పరీక్షకి వచ్చి కుర్చీలో కూర్చుని గోడమీది అక్షరాలు చదువుతుంటే, వాళ్ళు కింది వరసల్లో తడబడేలోగా ఇతని కళ్ళు ఫోను మీదికి పోయేవి. "ఇప్పుడు బాగుందా? ఇప్పుడు బాగుందా?" అని అద్దాలు మారుస్తూ అడుగుతుంటే, అడిగేది కళ్ళ సంగతో ధర సంగతో వచ్చినవాళ్ళకి తెలిసేది కాదు.

వీధి మొత్తానికి అతను తమ్ముడే. షాపు మేడమీద ఇంట్లోంచి వాళ్ళక్క "తమ్ముడూ" అని పిలిచీ పిలిచీ, అసలు పేరు వాడేవాళ్ళే లేకుండా పోయారు. ఆమె కూడా అలాగే అందరికీ అక్క అయిపోయింది. అమ్మానాన్నా పోయాక అతన్ని చదివించింది ఆమే. డ్రైవింగ్ స్కూల్లో పని. నేర్చుకునేవాళ్ళు స్టీరింగు పట్టుకుంటే, పక్క సీట్లో కూర్చుని, తన వైపున్న బ్రేకు మీద కాలు పెట్టుకుని ఊరంతా తిరిగేది. సాయంత్రం కారు స్కూల్లో పెట్టేసి బస్సులో ఇంటికొచ్చేది. ఎప్పటికైనా సొంతంగా రెండు కార్లు కొని సొంత స్కూలు పెట్టాలని ఆమె కోరిక. అందుకని ఇద్దరూ సంపాదించినదాంట్లో మిగిలింది ఇద్దరి పేరా ఉన్న ఒకే ఖాతాలో వేసుకుంటూ వచ్చారు.

తమ్ముడి ఒంట్లో కుదురనేది లేదు. సినిమాకి వెళ్తే విశ్రాంతి దాకా కూర్చోలేడు. షేర్లు కొన్నా అంతే. తడిసిన సాక్సులు మార్చినట్టు ఒకటి తీసి ఇంకొకటి తొడిగేవాడు. డబ్బు పోయేదీ కాదు, వచ్చేదీ కాదు. బ్రోకరు కమీషను మాత్రం వేళకి అందేది.

ఒకరోజు పొద్దున అక్క బ్రెడ్డు కాలుస్తుంటే వెనకాలే నిలబడి చెప్పాడు.

"అక్కా, ఒక హోటలు కంపెనీ దొరికింది. ఒకే ఒక్క హోటలు, ఎక్కడో సముద్రం ఒడ్డున. అప్పు లేదు. బ్యాంకులో డబ్బుంది. నేల సొంతం. ఎప్పుడో తాతల కాలంలో కొన్న నేల, లెక్కల్లో ఇంకా ఆ పాత ఖరీదే వేసుకుంటున్నారు. అలా వేసుకున్నా సరే, ఉన్నదంతా అమ్మి పంచితే షేరుకి నూరు వస్తుంది. బజార్లో షేరు నలభైకి దొరుకుతోంది."

"నూరుది నలభైకి ఎవడమ్ముతాడ్రా? పిచ్చా?"

"పిచ్చి కాదు, ఓపిక లేక. ఏళ్ళ తరబడి కదలని షేరు. విసుగెత్తి వదిలించుకుంటున్నారు."

"నీకుందా?"

"ఏమిటి?"

"ఓపిక."

తమ్ముడు కడిగిపెట్టిన కప్పునే మళ్ళీ కడిగాడు.

"తొందరపడకు. ఆదివారం కూర్చుని మాట్లాడుకుందాం" అని అక్క బస్సుకి పరిగెత్తింది. ఆదివారం దాకా ఆగడం అతని వల్ల ఎక్కడవుతుంది? మధ్యాహ్నం షాపులో ఎవరూ లేని సమయం చూసి బ్రోకరుకి ఫోన్ చేశాడు.

"ఆ కంపెనీయా?" అన్నాడు బ్రోకరు. "తలుపొస్తుంది, తెలుసుగా?"

"తెలుసు."

"కాసిని కొంటే గోడకి తేమ వస్తుంది, అంతే. ఇంకొంచెం కొంటే కిటికీతో సరిపెడతారు. మీరు కొనేదానికి నేరుగా హోటలు గదిలోకి తలుపే వస్తుంది. ఖాళీ గోడ ఉందా? వంటింట్లో మాత్రం వద్దు. ఆ మధ్య ఒకాయనకి పొయ్యి వెనకాల వచ్చి నానా అవస్థా పడ్డాడు."

"హాల్లో ఉంది."

"అయితే సరే. ఫొటోలూ అవీ ఉంటే ముందే తీసేయండి."

ఫొటోలు తీయడం తమ్ముడు మర్చిపోయాడు. అక్క పనినుంచి వచ్చి, చెప్పులు విడుస్తూ తలెత్తి చూస్తే, అమ్మానాన్నల ఫొటో పాత టేకు తలుపొకదాని మీద వేలాడుతోంది. దాని కింద ఇత్తడి అంకెలతో గది నంబరు. తలుపు సందులోంచి ఉప్పుగాలి వస్తోంది.

"ఎంత పెట్టావు?" అంది అక్క.

"అంతా."

"నాది కూడానా?"

"ఖాతా ఒకటే కదక్కా..."

"ఖాతా ఒకటేరా. ఒకటేగాని, నన్నొక్క మాట అడగడానికి నీ నోటికేమొచ్చింది?" ఆమె గొంతు పెంచలేదు. అదే అతన్ని భయపెట్టింది. "నిన్ను స్కూల్లో వేసినప్పటి నుంచి ఇవాళ్టిదాకా నీకు చెప్పకుండా నేను చిన్న గిన్నె అయినా కొన్నానా?"

తమ్ముడు నిలబడ్డచోటే కాళ్ళు మార్చాడు. అక్క ఆ తలుపు తియ్యలేదు. ఫొటో దించి తుడిచి, ఇంకో గోడకి మేకు కొట్టుకుని, దాన్ని అక్కడ పెట్టింది. ఆ రాత్రి వంట చెయ్యలేదు.

తలుపవతల గది మరీ తీసిపారేసేదేం కాదు. పెద్ద మంచం, అద్దం మచ్చలు పడ్డ బీరువా, అరిగిపోయిన తువ్వాళ్ళు. ఒక మూల గోడ చెమ్మకి ఉబ్బింది. స్నానాలగదిలో కుళాయి కారుతూనే ఉంది. అయితే కిటికీ రెక్కలు తీస్తే ఎదురుగా సముద్రమే, ఇంకేమీ లేదు. తమ్ముడు మంచం మీద ఇలా కూర్చుని అలా లేచాడు. కిటికీ తీశాడు, వేశాడు. లెక్క ప్రకారం తను కొన్నది ఇదంతానా, ఇంకా ఉందా అని బీరువాలోకి కూడా తొంగిచూశాడు.

తర్వాతి వారంలో ధర పడటం మొదలైంది.

నలభైకి కొన్నది ముప్పై ఆరయింది, ముప్పై రెండయింది. కారణమేమీ లేదు. ఎవరో విసుగెత్తినవాళ్ళు అమ్ముకుంటున్నారు, అంతే. తమ్ముడికి తిండి సయించలేదు. కళ్ళజోడు పవరు తప్పు వేసి ఒక టీచరమ్మ చేత చీవాట్లు తిన్నాడు. చివరికి ఒకరోజు ధర మళ్ళీ పడగానే, షాపులో ఉన్న మనిషిని కూర్చోబెట్టి, టేపు పట్టుకుని మేడమీదికి పరిగెత్తి గది కొలిచాడు. ఈ గోడ నుంచి ఆ గోడకి, నేల నుంచి కప్పుకి, కిటికీ పొడవూ వెడల్పూ. మర్నాడు ధర ఇంకా పడ్డాక మళ్ళీ కొలిచాడు. గది వేలెడు కూడా తగ్గలేదు. ఆ సంగతి తెలిశాక భోజనాల వేళ దాకా మనసు నిమ్మళించేది. తర్వాత మామూలే.

కొలవడానికి ఇంకేమీ మిగలక ఒకరోజు గది రెండో వైపు తలుపు తీసుకుని నడవాలోకి వెళ్ళాడు. పొడుగాటి నడవా, అటూ ఇటూ తలుపులు. వాటిలో కొన్ని గదులు షేర్లున్నవాళ్ళవి. ఒక తలుపులోంచి ఏదో ఊళ్ళో ఎవరింట్లోదో ఉల్లిపాయ వేగే వాసన, ఇంకో తలుపు వెనక పిల్లల పోట్లాట. ఎదురుగది తలుపు తీసుకుని తెల్లకోటాయన బయటికొచ్చాడు. వేరే ఊళ్ళో పళ్ళ డాక్టరట. కుర్చీలో మనిషికి మత్తిచ్చి, అది ఎక్కేలోగా ఇటొచ్చి నిలబడటం ఆయనకలవాటు.

"మీరెంతకి కొన్నారు?" అన్నాడు డాక్టరు, పలకరింపుకి బదులుగా.

"నలభై."

"అదృష్టవంతులు. నాది అరవై." ఆయన నడవా చివరికేసి గడ్డంతో చూపించాడు. "బంగారం పెట్టె సార్ ఇది. కాకపోతే తాళంచెవి ఆ ముసలాయన మొలకి కట్టుకుని కూర్చున్నాడు."

ముసలాయనంటే చైర్మన్. పై అంతస్తులో ఒక్కడే ఉంటాడు. గోడలకి రంగు వేయించడు, పేరుబోర్డు వెలిగించడు, బ్యాంకులో మూలుగుతున్న డబ్బు పైసా పంచడు. పూటపూటా కిందికి దిగొచ్చి నడవాలో లైట్లు ఒక్కొక్కటే ఆర్పి వెళ్తాడు. స్టేషన్లో దిగినవాళ్ళు సామాను మోసుకుంటూ అంతదూరం నడవలేక దార్లోనే ఏదో ఒక లాడ్జిలో చేరిపోతారు. సగం గదులు ఎప్పుడూ ఖాళీ.

తమ్ముడు ఒకసారి స్విచ్చుల దగ్గర ఆయన్ని పట్టుకున్నాడు.

"సార్, ఆ డబ్బంతా బ్యాంకులో ఉండి ఏం చేస్తుంది? పంచొచ్చుగా?"

చైర్మన్ అతన్ని కిందినుంచి పైదాకా చూశాడు. "అలా కూర్చో బాబూ, మాట్లాడుకుందాం."

"కూర్చోలేనండి."

"నేను కూర్చోగలను. అదే తేడా" అని లైటు ఆర్పేసి, చీకట్లోనే మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

అక్క ఆ తలుపవతల అడుగు పెట్టనే లేదు. కానీ కుళాయి చప్పుడు హాల్లోకి వినిపించేది. టప్, టప్, టప్. దినమంతా నేర్చుకునేవాళ్ళ చేత గేర్లు కరకరలాడించుకుని వచ్చిన మనిషి అది ఎంతసేపని భరిస్తుంది? ఒక ఆదివారం స్పానరు పట్టుకుని వెళ్ళింది. వాషరు మార్చి వచ్చేస్తుందనుకున్నాడు తమ్ముడు. గంట గడిచినా రాలేదు. వెళ్ళి చూస్తే కిటికీలోంచి నడుం దాకా వంగి ఉంది.

"అక్కా! పడిపోతావు!"

"ఆ షెడ్డులో పట్టా కింద ఉన్నది ఏం కారురా?"

"నాకేం తెలుసు? కంపెనీదే అయ్యుంటుంది. లెక్కల్లో దాని విలువ సున్నా వేశారు."

అక్క బుధవారం సెలవు పెట్టి, స్కూలు మెకానిక్కు దగ్గర్నుంచి బాటరీ ఒకటి రొమ్ముకి ఆనించుకుని, మెట్లెక్కి, హాలు దాటి, తలుపవతలికి వెళ్ళింది. తమ్ముడు షాపు వదిలి వెనకాలే వచ్చాడు.

"ఏంటక్కా అది?"

"బాటరీ."

అది తెలుస్తూనే ఉంది. అతను మళ్ళీ కిందికి వెళ్ళిపోయాడు.

సాయంత్రం ఆమె వచ్చేసరికి చేతులకి గ్రీజు, జుట్టునిండా ఇసుక. నిలబడే బ్రెడ్డు తింది. ఆమె నిలబడి తినడం తమ్ముడు ఎప్పుడూ చూడలేదు. అదీ నములుతూ హాల్లో ఈ చివర్నుంచి ఆ చివరికి తిరుగుతోంది.

"నడిచిందా?" అన్నాడు.

"మొదట మొరాయించింది." బ్రెడ్డు ముక్క మింగి, "ఒడ్డమ్మటే రోడ్డుందిరా. ఎక్కడా మలుపు లేదు. పక్క సీట్లో ఎవరూ లేరు" అంది.

ఆ తర్వాత రోజూ స్కూలు నుంచి రావడమే ఆలస్యం, ఆమె అటే. మొదట్లో ఊరికే తిరిగొచ్చేది. ఒకసారి స్టేషను ముందు పసిబిడ్డతో, ట్రంకుపెట్టెతో నిలబడ్డ దంపతుల్ని ఎక్కించుకుని హోటలు దగ్గర దింపింది. ఆ మర్నాడు ఇంకొకర్ని. రైలు వేళలకి ఆమె స్టేషన్లో ఉంటుందని తెలిశాక దిగేవాళ్ళు దిక్కులు చూడటం మానేశారు. నడవాలో కొత్త చెప్పులు కనిపించసాగాయి. స్కూల్లో ఉన్నప్పుడు కూడా ఆమె మాటిమాటికీ గడియారం చూసుకుంటోందని, ఒకసారి బ్రేకు తొక్కడం మర్చిపోయి కుర్రవాడి చేత పాలబండిని గుద్దించబోయిందని తమ్ముడికి తర్వాత తెలిసింది.

చైర్మన్ ఒకరోజు మెట్లు దిగి షెడ్డు దాకా వచ్చి, కారు చుట్టూ ఒక చుట్టు తిరిగాడట. "పెట్రోలు బిల్లు నాకు పంపించు" అని మాత్రం అన్నాడట. పళ్ళ డాక్టరు ఆ మాట నమ్మలేదు. "ఆయనా? తన నోటితోనే?" అని మళ్ళీ మళ్ళీ అడిగాడు.

ఇవన్నీ బజారుకి తెలియవు కదా. చాలా షేర్లున్న ఎవరో ఒక్కసారిగా తన దగ్గరున్నవన్నీ వదిలించుకునేసరికి ధర ఇరవై అయిదుకి దిగింది. ఆ పొద్దున తమ్ముడు షట్టరు సగమే ఎత్తి, కిందినుంచి దూరి లోపలికి, మళ్ళీ బయటికి, మళ్ళీ లోపలికి తిరిగాడు. చివరికి మేడమీదికొచ్చి బ్రోకరుకి ఫోన్ కలిపాడు. అక్క జడ వేసుకుంటూ చూస్తోంది.

"గది కొలిచావా?" అంది.

"కొలిచాను."

"తగ్గిందా?"

"లేదు."

"మరి ఫోనెందుకు?"

"నా వల్ల కాదక్కా! ఒళ్ళు ఆగడం లేదు. నిద్రలో కూడా మెట్లు దిగుతున్నట్టే ఉంటోంది." ఫోను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "నా ఒక్కడిదైతే పోనీ అనుకునేవాణ్ణి. నీ డబ్బది. నీ స్కూలు. ఈ కాస్తయినా మిగలనీ."

"నా డబ్బని పెట్టేటప్పుడు గుర్తు రాలేదుగా. ఇప్పుడెందుకొచ్చింది?" అంటూనే ఆమె దగ్గరికొచ్చి, అతని చేతిలోంచి ఫోను తీసుకుంది. అవతల బ్రోకరు హలో హలో అంటున్నాడు. "ఏం లేదు బాబూ, పొరపాటున తగిలింది" అని పెట్టేసింది. "గది చిన్నదైనప్పుడు చెప్పు. అప్పుడు నేనే అమ్మిస్తాను."

పదిరోజులు తిరక్కుండానే చైర్మన్ గారి అల్లుడు దిగాడు. నున్నగా దువ్విన తల, చేతిలో తోలు సంచి. నడవా వైపు నుంచి ఒక్కో తలుపూ తట్టి, గది దాటుకుని, నేరుగా ఇళ్ళలోకే వచ్చేవాడు. వీళ్ళ హాల్లోకి వచ్చి, బూట్లు విడిచి, ఉన్న ఒక్క మంచి కుర్చీలో కూర్చున్నాడు.

"మామగారికి ఓపిక తగ్గింది. నేను తీసుకుందామనుకుంటున్నాను. షేరుకి నలభై రెండిస్తాను. బజారు ధర కంటే ఎంత ఎక్కువో చూసుకోండి" అన్నాడు. "ముప్పావు వంతు షేర్లు నా చేతికి వస్తే, మిగతావాళ్ళు కూడా అదే ధరకి ఇచ్చెయ్యాల్సి ఉంటుంది. ముందే ఇస్తే మర్యాదగా ఉంటుందని నేనే తిరుగుతున్నాను."

తమ్ముడికి గుండెల మీంచి రాయి దించినట్టయింది. పెట్టింది వస్తోంది, పైన రెండు. ఇంక ఫోను చూడక్కర్లేదు, గది కొలవక్కర్లేదు. కాగితం పూర్తిగా చదవకుండానే సంతకం పెట్టి, పెన్ను అక్కకిచ్చాడు. షేర్లు ఇద్దరి పేరా ఉన్నాయి.

అక్క పెన్ను తీసుకోలేదు.

"నూరుది నలభై రెండుకి ఎవడమ్ముతాడ్రా? పిచ్చా?" అంది.

"అక్కా, దయచేసి..."

"ఏమండీ, మీకు హోటలు నడపాలనుందా, కూలగొట్టి నేల అమ్ముకోవాలనుందా?" అని అల్లుణ్ణి అడిగింది.

"అదింకా ఆలోచించలేదండి" అన్నాడాయన, బూట్ల వైపు చూస్తూ.

"ఆలోచించుకుని రండి."

ఆయన వెళ్ళగానే అక్క చెప్పులు వేసుకుని నడవాలోకి నడిచింది. ఎంతసేపైనా రాకపోయేసరికి తమ్ముడూ వెళ్ళాడు. ఆమె ఒక్కో తలుపూ తట్టి లోపలికి వెళ్ళి వస్తోంది. ఎవరో తల్లి పసిపిల్లకి నీళ్ళు పోస్తుంటే పక్కన పీట మీద కూర్చుని మాట్లాడింది. ఒక ముసలి తాపీమేస్త్రీ ఇంట్లో రేడియో తగ్గించమని అడిగి మరీ చెప్పింది. చెప్పే మాట ఒకటే. "రోజూ రైలుకి వెళ్తున్నాను, నా కళ్ళతో చూస్తున్నాను. గదులు నిండుతున్నాయి. ఆయన నలభై రెండిస్తున్నాడంటే మనం ఇంకా ఆగొచ్చన్నమాట."

పళ్ళ డాక్టరు అప్పటికే పెన్ను తీశాడు. "నేను అలసిపోయానమ్మా" అన్నాడు.

"అరవైకి కొని నలభై రెండుకి అమ్మితే అలసట తీరుతుందా?"

డాక్టరు వెనక్కి తిరిగి తమ్ముణ్ణి చూశాడు. "మీరేమంటారు సార్? మీరు పెట్టేశారట కదా సంతకం?"

తమ్ముడికి ఒళ్ళంతా అమ్మెయ్ అమ్మెయ్ అంటోంది. అక్క అతనివైపు చూడటం లేదు, గోడకేసి చూస్తోంది. ఆమె చేతివేళ్ళు మాత్రం పైటకొంగుని మెలిపెడుతున్నాయి. చిన్నప్పుడు తన స్కూలు ఫీజు కోసం ఎవర్నో అడగడానికి వెళ్ళి, గుమ్మం బయట నిలబడి ఆమె అలాగే మెలిపెట్టడం అతను చూశాడు.

"తొందరపడి పెట్టానండి" అన్నాడు. "వెనక్కి తీసుకుంటున్నాను."

డాక్టరు పెన్ను జేబులో పెట్టుకున్నాడు. అల్లుడికి ముప్పావు కాదుగదా, సగం కూడా రాలేదు. మళ్ళీ ఎవరి తలుపూ తట్టలేదు.

ఆపైన ధర ఎప్పుడు లేచిందో తమ్ముడు గమనించనేలేదు. నలభై దాటిందని షాపుకొచ్చిన మనిషి చెబితే తెలిసింది. అప్పటికి అతనికి కొత్త అలవాటొకటి పట్టుకుంది. సాయంత్రం పెందలాడే షట్టరు దించి, గదిలోకి వెళ్ళి, కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. ఫోను కిందే గల్లాపెట్టె పక్కన ఉండిపోయేది. కింద కారు వచ్చిన చప్పుడు, తలుపులు వేసిన చప్పుడు, అక్క ఎవరికో "మెల్లగా, మెట్లున్నాయి" అని చెప్పడం వినిపించేవి. కునుకు పట్టేది.

ఏడాది తిరిగొచ్చేసరికి హోటలు నిండుగా ఉంది. అలాంటి సమయంలో, ఎన్నో ఊళ్ళలో హోటళ్ళున్న పెద్ద కంపెనీ ఒకటి వచ్చింది. కూలగొట్టరట, నడుపుతారట. షేరుకి నూరుకన్నా కాస్త ఎక్కువే ఇస్తామన్నారు. చైర్మన్ సరేనన్నాడు. బ్రోకరు తనంతట తాను ఫోన్ చేయడం అదే మొదటిసారి. "సార్, మీరు మామూలు మనిషి కాదు సార్!" అన్నాడు.

తమ్ముడికి సంతోషం రాలేదు.

"ఇప్పుడే ఎందుకక్కా? ఇంకా ఆగుదాం" అన్నాడు.

అక్క నవ్వింది. "నువ్వేనా ఈ మాటన్నది? చవగ్గా ఉందని కొన్నావు. ఇప్పుడు చవక కాదు. అందరూ ఇస్తున్నారు. ఇంకేం చూస్తావు?"

"తలుపు పోతుంది."

"పోతుంది."

"మరి నీ కారు?"

అక్క కప్పు కింద పెట్టింది. "కొత్తవాళ్ళతో మాట్లాడాను. నా వాటా డబ్బుతో ఆ కారు, ఇంకోటి కొనుక్కుని స్టేషను పని నేనే చూసుకుంటానన్నాను. ఒప్పుకున్నారు."

"అంటే... రోజూ ఎలా వెళ్తావు? తలుపుండదుగా?"

"వెళ్ళడం కాదురా." ఆమె అతని మొహంలోకి చూసి చెప్పింది. "తలుపు పోయేటప్పుడు నేను అటుపక్కన ఉంటాను."

తమ్ముడు లేచాడు. మళ్ళీ కూర్చున్నాడు. ఇన్నేళ్ళూ ఈ ఇంట్లోంచి, ఈ షాపులోంచి, ఈ వీధిలోంచి వెళ్ళిపోవాలని కాళ్ళు పీకింది తనకే. ఎప్పుడూ పట్టుకుని ఆపింది ఆమె.

"స్కూలు పెడతానన్నావుగా ఇక్కడ" అన్నాడు చివరికి.

"పెడితే మళ్ళీ పక్క సీటే కదరా."

డబ్బు చేతికొచ్చే రోజు మధ్యాహ్నం నడవా అంతా సందడిగా ఉంది. ఇన్నాళ్ళూ చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని వస్తే చాలు కలుసుకునేవాళ్ళు ఇకమీదట రైళ్ళెక్కాలి. పళ్ళ డాక్టరు అందరి పళ్ళూ ఆఖరిసారి చూస్తానని వరసగా నోళ్ళు తెరిపించాడు. చైర్మన్ మెట్లు దిగొచ్చాడు. ఆర్పుతాడనుకుంటే, పట్టపగలు నడవాలో లైట్లన్నీ ఒక్కొక్కటే వేసుకుంటూ పోయాడు.

అక్క పెట్టె ముందే అటు వెళ్ళిపోయింది. గుమ్మానికి అటు ఆమె, ఇటు అతను నిలబడ్డారు.

"మంచి కంచం నీకే ఉంచాను. అద్దెకి ఎవరినైనా పెట్టుకో, ఒక్కడివే ఉండకు. ఆ టీచరమ్మ పవరు సరిచేశావా?"

"చేశాను."

"బయటికెళ్ళేటప్పుడు గ్యాసు క..."

అతని ఫోను మోగింది. డబ్బు పడిందన్న మోత. ఎదురుగా గోడ. రంగు కాస్త వెలిసిన మామూలు గోడ. తమ్ముడు దాన్ని అరచేత్తో తట్టి చూశాడు. తర్వాత వంటింట్లోకి వెళ్ళి గ్యాసు కట్టేశాడు. అది అప్పటికే కట్టేసి ఉంది, అందుకని తెరిచి మళ్ళీ కట్టాడు.

ఆ వారమంతా ఇంట్లో ఎక్కడ కూర్చున్నా ముళ్ళమీద కూర్చున్నట్టే ఉంది. ఖాతాలో ఇంత డబ్బున్నా ఏ షేరూ వెతకబుద్ధి కాలేదు. శనివారం షట్టరు దించి, పెట్టె పట్టుకుని రైలెక్కాడు. పొద్దున ఎక్కితే దిగేసరికి సాయంత్రం కావొచ్చింది. అంత దూరమా అనిపించింది.

స్టేషను బయట అక్క లేదు. రెండు కార్లలో ఒకటి ఆలస్యమైందని ఎవరో చెప్పారు. పెట్టె మీద కూర్చున్నాడు. కాసేపటికి పొడుగాటి కారు దుమ్ము లేపుకుంటూ వచ్చి ఆగింది. అక్క ఎండకి నల్లబడింది. కిటికీలోంచి మోచేయి బయటపెట్టి, "ముందు సీట్లో కూర్చో, వెనక గెస్టులెక్కుతారు" అంది.

హోటల్ని బయటినుంచి చూడటం అతనికదే మొదలు. లోపల అంగుళం అంగుళం కొలిచినవాడికి దాని మొహం తెలియదు. తెల్లగా కొత్త రంగు వేస్తున్నారు. గెస్టులు సామాను దించుకున్నాక అడిగాడు.

"మన గది ఏది?"

అక్క చెయ్యెత్తి చూపించింది. ఆ కిటికీలో ఎవరో అమ్మాయి తువ్వాలు ఆరేస్తోంది. తమ్ముడు చాలాసేపు చూశాడు.

"నువ్వు ఇలా వచ్చేస్తావని ముందే తెలిసుంటే నేనా షేర్లు కొనేవాణ్ణి కాదక్కా."

అక్క గేరు వేసింది. "నాకు తెలిసుంటే, ఆదివారం దాకా ఆగమని అనేదాన్ని కాదు."

ఇంకో రైలు వేళయింది. కారు వెనక్కి తిరిగి, సముద్రం పక్కన రోడ్డెక్కింది.